చిప్పల రీకాల్ వచ్చిందా? వాసన చూడకండి, చీటీ చూడండి

ఫ్రీజర్ తలుపు తీసి, సగం వాడిన ఆయిస్టర్ల (రెండు చిప్పల మధ్య బతికే సముద్రజీవుల) ప్యాకెట్ బయటికి లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగానే ఉందే" అనుకుని మళ్ళీ లోపల పెట్టేశాను. అప్పటికి రీకాల్ వార్త, అంటే అమ్మిన సరుకును వెనక్కి పిలుస్తున్నామన్న ప్రకటన, చదివి ఐదు నిమిషాలే అయింది. అన్నీ తెలిసి కూడా ఆ పని చేశానంటే అలవాటు ఎంత బలమైందో చూడండి. చేప చెడితే ముక్కు చెబుతుంది, పాలు విరిగితే కన్ను చెబుతుంది. చిప్పల విషయంలో ఈ రెండూ పనికిరావు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఉన్న ఆయిస్టర్‌నూ లేనిదాన్నీ పక్కపక్కన పెడితే రంగులో, వాసనలో, రుచిలో వెంట్రుకవాసి తేడా కూడా ఉండదు.

తేడా తెలియాలంటే రెండు సంగతులు కావాలి. అది ఏ నీళ్ళలో పెరిగింది? ఏ రోజు బయటికి తీశారు? ఆ రెండూ రాసి ఉండేది సంచి మూతికి కట్టిన చీటీ మీద. మనం కత్తెర తీసుకుని మొదట కోసి పారేసేదీ దాన్నే.

రీకాల్స్ వీటికే ఎందుకు ఎక్కువ?

వార్తల్లో షెల్‌ఫిష్ అని ఒకే మాట వాడతారు గానీ అందులో రెండు రకాలున్నాయి. రొయ్యలు, పీతలు ఒక రకం. రెండు చిప్పల మధ్య బతికే ఆయిస్టర్లు, మస్సెల్స్, క్లామ్స్, స్కాలప్స్ ఇంకో రకం. మన గొడవ దాదాపు అంతా ఈ రెండో రకంతోనే. ఆయిస్టర్లూ మస్సెల్సూ మేత కోసం ఎక్కడికీ తిరగవు. ఉన్నచోటే ఉండి నీళ్ళు లోపలికి లాగి, అందులోని సన్నటి నాచును వడగట్టుకుని, మిగతా నీళ్ళు వదిలేస్తాయి. పరిస్థితులు అనుకూలిస్తే ఒక ఎదిగిన ఆయిస్టర్ రోజుకు 190 లీటర్ల దాకా వడగడుతుంది. అంటే మనం తినేది ఒక వాటర్ ఫిల్టర్‌ని. అదీ పొట్టా పేగులతో సహా, చాలాసార్లు పచ్చిగా.

ఆ నీళ్ళలో మురుగు కలిస్తే నోరోవైరస్, లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ ఎ వైరస్ వస్తాయి. నీళ్ళు వేడెక్కితే విబ్రియో అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దీనికి మురుగుతో పనిలేదు, తీరప్రాంతపు ఉప్పునీళ్ళలో సహజంగానే ఉంటుంది. ఇక కొన్ని రకాల నాచు విపరీతంగా పెరిగినప్పుడు అది తయారుచేసే విషాలు చిప్పల లోపల పేరుకుంటాయి. ఇలా మూడు దారులు. ఏ దారిన వచ్చిందన్నదాన్ని బట్టే మీరు ఎన్ని గంటలు, ఎన్ని రోజులు కనిపెట్టుకుని ఉండాలన్నది తేలుతుంది. అందుకని నోటీసును ఈ కన్నుతో చదవాలి.

మొదటి అడుగు: నోటీసులో కారణం వెతకండి

హెడ్‌లైన్ చూసి ఆగిపోకుండా అసలు నోటీసు తెరవండి. తీసిన ప్రాంతం పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తీసినవి, డీలర్ నంబర్, సరుకు ఏ రూపంలో ఉంది (చిప్పతోనా, ఒలిచి డబ్బాలో పెట్టిందా, సగం చిప్పలో ఉంచి ఫ్రీజ్ చేసిందా), ఎందుకు వెనక్కి పిలుస్తున్నారు, ఈ ఐదూ అందులో ఉంటాయి. కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో అటూ ఇటూ తిప్పుతూ పోల్చితే తేదీలు తారుమారవుతాయి.

కారణం దగ్గర మాటలు జాగ్రత్తగా చూడాలి. "తిన్నవాళ్ళు జబ్బుపడ్డారు" అని ఉంటే ప్రమాదం నిజంగా జరిగినట్టు. "పరీక్షలో దొరికింది" అంటే ఇంకా ఎవరికీ ఏమీ కాకముందే పట్టుకుని ఉండొచ్చు. "ఉష్ణోగ్రత అదుపు తప్పింది" అని ఉంటే అనుమానం ఎక్కువగా విబ్రియో మీద. "మురుగు లీకైంది" అంటే వైరస్‌ల మీద. "బయోటాక్సిన్" అన్న మాట కనిపిస్తే అది నాచు విషం, దాన్ని ఏ వంటా ఏమీ చేయలేదు.

అమెరికాలో ఆహారం, మందులను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ రీకాల్స్‌ను మూడు తరగతులుగా విడగొడుతుంది. మొదటి తరగతి అంటే తీవ్రమైన జబ్బుకో మరణానికో దారితీసే అవకాశం గట్టిగా ఉన్నది. యూరప్ దేశాలు ఒకదాన్నొకటి అప్రమత్తం చేసుకోవడానికి 1979 నుంచి రాస్ఫ్ అనే ఏర్పాటు నడుపుతున్నాయి. పేర్లు, పద్ధతులు దేశానికొక తీరు. ఎక్కడైనా ఒకటి గుర్తుపెట్టుకోండి: రీకాల్ అన్న మాట లేకపోయినా, "ఫలానా ప్రాంతం మూసేశాం" అనో, "ఫలానా తేదీల సరుకు తినవద్దు" అనో వచ్చిన ప్రకటనను రీకాల్ లాగే తీసుకోవాలి.

ఇంకొక సంగతి. మొదటి నోటీసే చివరి నోటీసు అనుకోవద్దు. ఒకే ప్రాంతం సరుకు నాలుగైదు చేతులు మారి వెళ్తుంది, కొత్త పేర్లు, కొత్త తేదీలు తర్వాత చేరతాయి. మీ సరుకు జాబితాలో లేదని ఈరోజు ఊపిరి పీల్చుకున్నా, రెండు మూడు రోజులాగి మళ్ళీ ఒకసారి చూడండి.

రెండో అడుగు: చీటీని నోటీసుతో కలిపి చూడండి

చిప్పతో అమ్మే సరుకు వల సంచిలో వస్తుంది. దాని మూతికి తడిసినా చిరగని గట్టి చీటీ ఒకటి కట్టి ఉంటుంది. దగ్గరగా చూస్తే అందులో తీసినవాళ్ళ పేరో నంబరో, డీలర్ పేరు, డీలర్ ధ్రువీకరణ నంబర్, తీసిన తేదీ, తీసిన చోటు, ఏ జాతి, ఎంత పరిమాణం అన్నీ కనిపిస్తాయి. తీసిన చోటు దగ్గర ఊరి పేరుతో ఆగరు, ఆ నీటి ప్రాంతానికి ఇచ్చిన గుర్తు కూడా రాస్తారు. నోటీసుతో పోల్చాల్సింది ముందుగా ఆ గుర్తునే.

ఎందుకో చెబుతాను. అమెరికా చీటీల మీద డీలర్ నంబర్ చివర రెండక్షరాలు ఉంటాయి. ఎస్‌ఎస్ అంటే చిప్పతో ఉన్న సరుకు పంపేవాళ్ళు, ఎస్‌పీ అంటే ఒలిచి ప్యాక్ చేసేవాళ్ళు, ఆర్‌ఎస్ అంటే వేరేవాళ్ళ దగ్గర కొని తిరిగి పంపేవాళ్ళు. మీ చీటీ మీద ఆర్‌ఎస్ డీలర్ పేరుండి, నోటీసులో ఎస్‌ఎస్ డీలర్ పేరుందనుకోండి. పేర్లు కలవలేదు కదా అని తినేస్తాం. కానీ తీసిన చోటూ తేదీ కలిశాయంటే అది ఆ సరుకే. పేరు కలవకపోవడాన్ని నమ్మి మోసపోయేది ఇక్కడే.

అక్కడ అమ్మేవాళ్ళు, హోటళ్ళవాళ్ళు సంచి ఖాళీ అయిన రోజు నుంచి 90 రోజుల పాటు ఆ చీటీని దాచి ఉంచాలని నిబంధన. తాజా సరుకుకు మూడు నెలలు ఎందుకని నాకూ అనిపించింది. జవాబు హెపటైటిస్ ఎ దగ్గర ఉంది. తిన్నాక జబ్బు బయటపడటానికి 50 రోజుల దాకా పట్టొచ్చు, ఆ తర్వాత డాక్టర్ కనిపెట్టాలి, కబురు అధికారులకు చేరాలి. అప్పటికి చీటీ లేకపోతే వెనక్కి వెళ్ళే దారే ఉండదు. ఈ చీటీల వ్యవస్థ పుట్టింది కూడా ఒక పెద్ద దెబ్బ తిన్నాకే. 1924 చలికాలంలో న్యూయార్క్, చికాగో, వాషింగ్టన్ నగరాల్లో ఆయిస్టర్ల వల్ల టైఫాయిడ్ వచ్చి దాదాపు 1,500 మంది జబ్బుపడ్డారు, సుమారు 150 మంది చనిపోయారు. 1925లో అక్కడి ప్రభుత్వం, ఆరోగ్యాధికారులు, వ్యాపారులు కలిసి కూర్చుని నీళ్ళ తనిఖీ, పెంపకందారుల ధ్రువీకరణ మొదలుపెట్టారు.

చీటీ పారేసి ఉంటే? కొన్న బిల్లుతో అమ్మినచోటికి ఫోన్ చేసి, ఆ రోజు అమ్మిన సంచి చీటీ చదివి వినిపించమనండి. అడగడానికి మొహమాటపడొద్దు, చీటీలు దాచిపెట్టేదే ఇందుకు. "గుట్టలో రెండు మూడు సంచులు కలిసిపోయాయండీ" అన్న జవాబు వస్తే ఇక ఆలోచించకండి, మీదీ రీకాల్ సరుకే అనుకోండి. ఒలిచి డబ్బాలో పెట్టినవాటికి చీటీ ఉండదు, డబ్బా మీదే డీలర్ నంబర్, తేదీ అచ్చు వేస్తారు. చిన్న డబ్బాల మీద అమ్మకపు గడువు, పెద్దవాటి మీద ఒలిచిన తేదీ ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టేముందు వేరే కవర్లోకి మార్చేసి ఉంటే మాత్రం పేరూ ఊరూ లేని సరుకే. అది చెత్తబుట్టకే.

మూడో అడుగు: పారేయడం, తుడవడం

రెండు కవర్లలో వేసి గట్టిగా ముడివేసి, పిల్లలకూ కుక్కలకూ పిల్లులకూ అందకుండా పడేయండి. నోటీసులో వాపసు ఇవ్వమని ఉంటే అలా చేయండి. చెరువులోకో సముద్రంలోకో విసరకండి. పారేసేముందు చీటీకీ డబ్బాకీ ఫోటో తీసుకోండి. ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే ఒంట్లో బాగోలేకపోతే మాత్రం పారేయకుండా ఆగండి. మిగిలినదాన్ని మూసి, "తినొద్దు" అని పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్‌లో ఒక మూల పెట్టి, పరీక్షకు కావాలా అని ఆరోగ్య శాఖను అడగండి.

"ఇంత డబ్బు పోసి కొన్నాం, బాగా ఉడకబెట్టి తినేద్దాం" అనే మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది. నాచు విషాలు మరిగించినా పోవు, ఫ్రీజ్ చేసినా పోవు. నోరోవైరస్ 63 డిగ్రీల సెల్సియస్ వేడిని కూడా తట్టుకుంటుంది, ఆవిరి మీద చిప్ప తెరుచుకునేదాకా ఉడికిస్తే చావదు. నిమ్మరసం, కారం సాస్, పక్కన మందు గ్లాసు, వీటితో విబ్రియో చస్తుందనేది వట్టి మాట. ఉడికించడం రీకాల్ లేని సరుకుకు జాగ్రత్త అవుతుంది గానీ రీకాల్ సరుకుకు విరుగుడు కాదు.

ఆ సరుకు తగిలిన చోట్లన్నీ, అంటే కోసిన పలక, కత్తి, సింకు, సంచి కారిన ఫ్రిజ్ అర, ముందు సబ్బునీళ్ళతో కడగాలి. ఆ తర్వాత బ్లీచ్. నోరోవైరస్‌కు ఆల్కహాల్ శానిటైజర్ మీద నమ్మకం పెట్టుకోలేం. ఇళ్ళలో వాడే 5 నుంచి 8 శాతం బ్లీచ్‌ను లీటరు నీళ్ళకు 20 మిల్లీలీటర్లకు తగ్గకుండా కలిపి, ఆ తడి కనీసం 5 నిమిషాలు ఉండనిచ్చి తుడవండి. వాంతులు పడ్డచోట ఇంకా గాఢంగా, లీటరుకు 100 మిల్లీలీటర్ల దాకా కలపొచ్చు. గ్లవుజులు వేసుకుని, కిటికీలు తీసి చేయండి. బ్లీచ్‌లో ఇంకే క్లీనర్నీ, యాసిడ్‌నీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. చేతులకు సబ్బూ నీళ్ళే గతి.

నాలుగో అడుగు: ఇప్పటికే తినేసి ఉంటే, గడియారం చూడండి

టెన్షన్ పడేముందు తిన్న సమయం రాసుకోండి. తర్వాత డాక్టర్ మొదట అడిగేది అదే. తిన్నదానికీ తేడా చేసినదానికీ మధ్య ఎంతసేపు గడిచిందో చూస్తే సగం విషయం తెలిసిపోతుంది.

నిమిషాల నుంచి ఒకటి రెండు గంటల్లో పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే, చేతివేళ్ళ చివర సూదులు గుచ్చినట్టుంటే ఒక్క క్షణం ఆగకండి. అది శాక్సిటాక్సిన్ కావచ్చు, నరాలను స్తంభింపజేసే నాచు విషం. తిమ్మిరి చేతుల్లోకి, కాళ్ళలోకి పాకి, మాట తడబడి, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోవచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. కానీ ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఊపిరి నిలబెడితే ఒంట్లో విషం తగ్గేదాకా మనిషిని కాపాడుకోవచ్చు. అందుకే "కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అని గదిలో ఒంటరిగా వదిలేయడం కంటే పెద్ద పొరపాటు లేదు. చిప్పమాంసంలో ఈ విషానికి చాలా దేశాలు పెట్టుకున్న హద్దు కిలోకు 0.8 మిల్లీగ్రాములు. ఎంత కొద్దిగా ఉన్నా ప్రమాదమో అర్థమవుతుంది.

అరగంట నుంచి కొన్ని గంటల్లో జ్వరం లేకుండా ఒట్టి విరేచనాలు, వాంతులు మొదలైతే ఒకాడాయిక్ యాసిడ్ రకం నాచు విషం కావచ్చు. బాధపెడుతుంది గానీ సాధారణంగా మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

డొమోయిక్ యాసిడ్ అనే ఇంకో నాచు విషం కథ వేరు. 1987 చివర్లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ మస్సెల్స్ తిన్నవాళ్ళు వందమందికి పైగా జబ్బుపడ్డారు. ముందు వాంతులు, విరేచనాలు. ఆ తర్వాత కొందరు తికమకపడ్డారు, కొత్త సంగతులు గుర్తుపెట్టుకోలేకపోయారు. కొందరికి ఆ జ్ఞాపకశక్తి మళ్ళీ రాలేదు. కనీసం ముగ్గురు వృద్ధులు చనిపోయారు. శాస్త్రవేత్తలు కొన్ని రోజుల్లోనే ఆ విషం ఏమిటో, ఏ నాచు నుంచి వచ్చిందో పట్టుకున్నారు. అంతకుముందు చిప్పల్లో ఇలాంటిది ఉంటుందని ఎవరూ వెతకనేలేదు. ఇప్పుడు కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే ఆ ప్రాంతం మూసేస్తారు. కాబట్టి తిన్న రెండు రోజుల్లోపు మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే, అడిగిందే అడుగుతుంటే, నీరసం వల్లలే అని సరిపెట్టుకోకండి.

12 నుంచి 48 గంటల మధ్య ఉన్నట్టుండి వాంతులు, నీళ్ళ విరేచనాలు, కడుపు మెలిపెట్టడం మొదలైతే నోరోవైరస్ అనుమానించాలి. రీకాల్స్‌లో తరచుగా వినిపించే పేరు ఇదే. ఒకటి నుంచి మూడు రోజుల్లో మనిషి కోలుకుంటాడు గానీ ఇంట్లో మిగతావాళ్ళకు అంటిస్తాడు. వంద వైరస్ కణాల కంటే తక్కువ చాలు అంటుకోవడానికి. ఈ వైరస్ ఆయిస్టర్ పేగుల గోడకు అంటుకుని ఉండిపోతుంది. అందుకే తీసిన చిప్పలను శుభ్రమైన నీళ్ళ తొట్లలో ఉంచి కడిగే పద్ధతి మురుగు బ్యాక్టీరియాకు పనిచేసినంతగా దీనికి పనిచేయదు. "శుద్ధి చేసినవి" అన్న ముద్ర చూసి ధీమాగా ఉండకండి.

విబ్రియోలో రెండు పేర్లు తెలిస్తే చాలు. పారాహీమోలిటికస్ మామూలుగా 24 గంటల్లోపు విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం తెస్తుంది, మూడు రోజుల్లో తగ్గుతుంది. వల్నిఫికస్ అరుదు గానీ భయంకరం. సోకినవాళ్ళలో అయిదుగురిలో ఒకరు చనిపోతారు, కొన్నిసార్లు జబ్బు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే. లివర్ జబ్బు, డయాబెటిస్, క్యాన్సర్ ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు రీకాల్ ఉన్నా లేకపోయినా పచ్చి ఆయిస్టర్ జోలికి వెళ్ళకపోవడం మంచిదని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఇది తినడం వల్లే కాదు, చేతి మీద గాయంతో ఆయిస్టర్లు ఒలిచినా, ఉప్పునీళ్ళలో దిగినా సోకుతుంది.

చివరిది, అందరూ మరిచిపోయేది, హెపటైటిస్ ఎ. తిన్న 15 నుంచి 50 రోజుల మధ్య, సగటున 28 రోజులకు బయటపడుతుంది. కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, నీరసం, ఆకలి లేకపోవడం. 1988లో షాంఘైలో సరిగ్గా ఉడకని క్లామ్స్ వల్ల దాదాపు 3 లక్షల మందికి ఈ జబ్బు వచ్చింది. నోటీసులో దీని పేరుంటే మీ చేతిలో ఒక అవకాశం ఉంది: తిన్న రెండు వారాల్లోపు టీకా వేయించుకుంటే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఎక్కువ. ఇంతకుముందు వేయించుకోనివాళ్ళు లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆరోజే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. వయసు మళ్ళినవాళ్ళకు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళకు ఇమ్యూనోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరం పడొచ్చు, అది డాక్టర్ చూసుకుంటారు.

అయిదో అడుగు: ఇంట్లో ఉండాలా, ఆసుపత్రికి పరుగెత్తాలా?

ఇవి కనిపిస్తే పరుగే: పెదవుల తిమ్మిరి, మాట తడబాటు, మింగలేకపోవడం, ఊపిరాడకపోవడం, తికమక, ఫిట్స్, వణుకుతో ఎక్కువ జ్వరం, చర్మం మీద ఎర్రగానో నల్లగానో పొక్కులు, విరేచనంలో రక్తం, గుటకెడు నీళ్ళు కూడా నిలవకుండా వాంతులు, ఏడెనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళు ఉంటే ఇంతదాకా కూడా ఆగొద్దు.

మిగతావాళ్ళకు ప్రధానమైన వైద్యం పోయిన నీటిని తిరిగి ఇవ్వడమే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని శుభ్రమైన నీళ్ళలో కలపండి. రుచి బాలేదని నీళ్ళు తగ్గించి చిక్కగా, డబ్బు కలిసొస్తుందని నీళ్ళు పెంచి పల్చగా కలపొద్దు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర చదును టీస్పూన్ ఉప్పు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. గడగడా తాగిస్తే అంతా బయటికి వస్తుంది. జ్వరం, రక్తం ఉన్నప్పుడు విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా మింగొద్దు. మిగిలిపోయిన పాత యాంటీబయాటిక్ కూడా వద్దు, వైరస్‌ల మీద అవి పనిచేయవు.

డాక్టర్ దగ్గర ఒక్క వాక్యం చెప్పడం మరవకండి: "ఫలానా రోజు, ఇన్ని గంటలకు పచ్చి ఆయిస్టర్లు తిన్నాను, వాటి మీద రీకాల్ వచ్చింది." మామూలు మలపరీక్షలో చాలా ల్యాబులు విబ్రియో కోసం విడిగా వెతకవు. దానికి ప్రత్యేకమైన మాధ్యమం మీద పెంచాలి, ఆ సంగతి ల్యాబుకు ముందే చెప్పాలి. మీరు చెప్పకపోతే "ఫుడ్ పాయిజనింగ్" అని రాసి పంపించేస్తారు, ఏ చిప్ప, ఏ నీళ్ళు అన్నది ఎప్పటికీ తేలదు.

ఆరో అడుగు: ఫిర్యాదు చేయండి

తగ్గిపోయాక ఎవరికి చెబుతాం, ఎందుకు చెబుతాం అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది. కానీ ఈ రీకాల్స్‌లో చాలావరకు ఎక్కడో ఇద్దరు ముగ్గురు విడివిడిగా చేసిన ఫోన్ కాల్స్‌తోనే మొదలవుతాయి. ఒక ఆరోగ్యాధికారి దగ్గర రెండు ఫిర్యాదులు పక్కపక్కన పడతాయి. ఇద్దరూ వేర్వేరు చోట్ల తిన్నారు, కానీ రెండు చోట్లా చీటీల మీద నీటి ప్రాంతం ఒకటే. అక్కడితో ఆ ప్రాంతం మూతపడుతుంది, మిగతా సంచులు ఆగిపోతాయి.

ఫోన్ చేసేముందు కాగితం మీద పెట్టుకోవాల్సినవి: జబ్బు మొదలవ్వడానికి ముందు మూడు రోజుల్లో తిన్నవన్నీ (హెపటైటిస్ ఎ అయితే వెనక్కి 50 రోజులు, ఇందుకు కార్డు లావాదేవీలు బాగా పనికొస్తాయి), కలిసి తిన్నవాళ్ళు ఎవరు, వాళ్ళలో ఎవరికి బాగోలేదు, ఎవరికి ఏమీ కాలేదు, కొన్నచోటు, బిల్లు, చీటీ ఫోటో. ఏమీ కానివాళ్ళ వివరాలు వదిలేయకండి. వాళ్ళు ఏం తినలేదో తెలిస్తేనే తేడా చేసింది ఏదో తేలుతుంది.

జబ్బుపడినవాళ్ళు లక్షణాలు పూర్తిగా ఆగిన తర్వాత ఇంకో 48 గంటలు ఇతరులకు వండకూడదు, వడ్డించకూడదు. నోరోవైరస్ తగ్గాక కూడా రెండు వారాలో ఇంకా ఎక్కువో మలంలో బయటికి పోతూనే ఉంటుంది, కాబట్టి చేతులు కడగడం ఆ తర్వాత కూడా ఆపొద్దు.

మళ్ళీ కొనేటప్పుడు

ఇంగ్లీషు పేరులో "ఆర్" అక్షరం ఉన్న నెలల్లో ఆయిస్టర్లు భయం లేకుండా తినొచ్చని ఒక పాత లెక్క ఉంది, అంటే మే నుంచి ఆగస్టు దాకా మానేయాలన్నమాట. విబ్రియో ఎండాకాలం నీళ్ళలో పెరుగుతుంది కాబట్టి అందులో కొంత నిజముంది. కానీ నోరోవైరస్ జోరు చలికాలంలోనే, నాచు విషం ఏ కాలంలోనైనా రావొచ్చు. సొంతంగా తీరంలో ఏరుకునేవాళ్ళకు ఇంకో అపోహ: నీళ్ళు ఎర్రబడితేనే విషం అని. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నప్పుడు కూడా చిప్పల్లో ప్రాణం తీసేంత విషం ఉండొచ్చు. ఏరడానికి వెళ్ళిన రోజు ఉదయమే ఆ ప్రాంతం తెరిచి ఉందో లేదో అధికారుల ప్రకటన చూడండి, నిన్నటిది చాలదు.

నాచు విషాలు పీతల్లో, లాబ్‌స్టర్లలో లోపలి ఆకుపచ్చటి మెత్తటి భాగంలో చేరతాయి, కండలో తక్కువ. స్కాలప్స్‌లో కూడా తెల్లటి కండ ఒక్కటే తింటే ప్రమాదం తక్కువ, మొత్తంగా తింటే మిగతా చిప్పల లాంటిదే.

కొన్నాక 4 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంచండి. బతికున్న చిప్పలను గాలి ఆడని డబ్బాలో మూయకండి, మంచినీళ్ళలో నానబెట్టకండి, చచ్చిపోతాయి. తెరిచి ఉన్నదాన్ని తడితే మూసుకోవాలి, మూసుకోకపోతే పారేయండి. ఉడికించేటప్పుడు చిప్ప తెరుచుకున్నాక ఇంకో 3 నుంచి 5 నిమిషాలు మరగనివ్వాలి. ఆవిరి మీదైతే 4 నుంచి 9 నిమిషాలు. ఒలిచినవాటిని కనీసం 3 నిమిషాలు మరిగించాలి, లేదా 190 డిగ్రీల నూనెలో 3 నిమిషాలు వేయించాలి. గిన్నె కిక్కిరిసి ఉంటే మధ్యలోవి ఉడకవు, విడతలుగా వేయండి. తెరుచుకోనివాటిని కత్తితో తెరిచి తినే ప్రయత్నం చేయొద్దు. వైరస్‌ల విషయంలో ఇంకా గట్టిగా ఉడకాలి: యూరప్ నిబంధనల్లో కాస్త మురికి నీళ్ళ చిప్పలను వేడితో శుద్ధి చేసే ఒక పద్ధతికి లోపలి మాంసం 90 డిగ్రీల దగ్గర కనీసం 90 సెకన్లు ఉండాలని ఉంది. అంత ఉడికిస్తే రబ్బరులా అవుతుందని నస పెట్టేవాళ్ళుంటారు. అవుతుంది, నిజమే.

ఇక చీటీ. కత్తెర తీసే ముందు ఫోన్ తీయండి. ముందూ వెనకా రెండు ఫోటోలు, తేదీ, నీటి ప్రాంతం గుర్తు చదవడానికి వీలుగా. సంచి ఖాళీ అయిన రోజు చీటీ మీద పెన్నుతో రాసి పెట్టుకోండి. నా ఫోన్‌లో ఇప్పుడు "చీటీలు" అని ఒక ఆల్బమ్ ఉంది, పిల్లల ఫోటోలకూ కరెంటు బిల్లులకూ మధ్యలో. రీకాల్ వార్త కనిపిస్తే ముందు అది తెరుస్తాను. 90 రోజులు దాటినవి అప్పుడప్పుడు తీసేస్తుంటాను.